లక్ష ఫొటోల్లోంచి వంద

ఫోన్‌లో జాగా లేదని హెచ్చరిక రాగానే మనం చేసే మొదటి పని ఫొటోలు డిలీట్ చేయడం. బస్సులో కూర్చున్నా, డాక్టరు దగ్గర టోకెన్ నంబరు కోసం కాచుకున్నా, రాత్రి నిద్ర పట్టకపోయినా బొటనవేలితో ఒక్కొక్కటే ఎగరగొడుతూ పోతాం. ఫొటోలు సర్దడమంటే ఇదేనని మనకు ఎవరు నూరిపోశారో గానీ బాగా నమ్మేశాం. నా వాదన వేరు. డిలీట్ చేయడం ఆ పనిలో చిట్టచివర రావాలి, చాలావరకు అసలు రానక్కర్లేదు. ఏడాదికి ఒక వంద ఫొటోలు ఏరి, వాటిలో ఎవరున్నారో, అది ఎక్కడో, అక్కడేం జరుగుతోందో రాసిపెట్టుకుంటే చాలు. మిగతా కుప్పను తారీకుల వరసలో పెట్టి దాని మానాన దాన్ని వదిలేయొచ్చు.

మాది తిరుపతి. ఇంట్లో ఫొటోల పెత్తనం నాది. ఎవరూ అప్పజెప్పలేదు, ఎవరూ పట్టించుకోకపోతే నా దగ్గరికొచ్చి చేరింది. నాయన వాడిన డిజిటల్ కెమెరా మెమరీ కార్డులు, ఇంట్లో మారిన ఫోన్లన్నిటి కాపీలు, పెళ్ళిళ్ళకు స్టూడియో వాళ్ళిచ్చిన సీడీలు, పెన్‌డ్రైవ్‌లు, పాత ఆల్బముల స్కాన్లు, వాట్సాప్‌లో వచ్చి పడ్డవి, అన్నీ కలిపితే లక్ష పైమాటే. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడు ఇదంతా చూసి నవ్వుతాడు. "ఎందుకక్కా ఈ చాకిరీ? యాప్‌లో 'పెళ్ళి' అని కొడితే పెళ్ళి ఫొటోలొస్తాయి. మొహం మీద నొక్కితే ఆ మనిషివన్నీ వస్తాయి గదా" అంటాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. దానికి జవాబు తర్వాత చెబుతాను. ముందు డిలీట్ సంగతి తేల్చుకుందాం.

లెక్క వేసి చూడండి. ఫోన్‌తో తీసిన ఫొటో సుమారు 4 ఎంబీ అనుకుంటే లక్ష ఫొటోలు 400 జీబీ. 1 టీబీ హార్డ్ డిస్క్‌లో సగం కూడా నిండదు. ఒక్కో ఫొటో దగ్గర 5 సెకన్లు ఆగి ఉంచాలా, తీసేయాలా అని తేల్చుకుంటే 5 లక్షల సెకన్లు, అంటే 139 గంటలు. రోజూ గంట కూర్చున్నా నాలుగున్నర నెలలు. అంత కష్టపడి సగం తీసేశామే అనుకోండి, ఆదా అయ్యేది 200 జీబీ. మిగిలిన యాభై వేలూ మళ్ళీ కుప్పే. అందులో ఉన్న ముసలావిడ ఎవరో, ఆ అరుగు ఎవరింటిదో అప్పటికీ తెలియదు.

నిజంగా జాగా తినేవి వీడియోలు. 4కెలో తీస్తే ఒక్క నిమిషానికి, ఫోన్‌ను బట్టీ సెట్టింగును బట్టీ, 170 నుంచి 400 ఎంబీ దాకా పోతుంది. స్కూల్ యానివర్సరీలో పిల్లల డ్యాన్సు వెనక వరసలోంచి, ముందువాళ్ళ తలకాయలతో సహా, పది నిమిషాలు తీసిన వీడియో ఒక్కటి నాలుగు వందల నుంచి వెయ్యి ఫొటోల చోటు ఆక్రమిస్తుంది. చేతులు దురద పుడితే అక్కడ మొదలుపెట్టండి. పెద్ద ఫైళ్ళు పైకి వచ్చేలా వరస పెట్టుకుంటే ఒక్క సాయంత్రంలో తేలిపోయే పని అది.

పల్లెల్లో పెరిగినవాళ్ళకు విత్తనం శెనక్కాయలు ఏరడం తెలిసే ఉంటుంది. మూట గుమ్మరించి గింజ నిండుగా ఉన్న కాయల్ని చేటలోకి ఏరతారు. మిగిలిన కాయల్ని ఎవరూ పారబోయరు. గానుగకు కొన్ని పోతాయి, ఉడకేసుకోను కొన్ని పోతాయి. పుచ్చు కాయల కోసం మూటంతా వెతుకుతూ కూర్చునే రైతును నేనైతే చూడలేదు. ఫొటోల దగ్గరికొచ్చేసరికి మాత్రం మనమంతా పుచ్చుల వెంట పడతాం.

పైగా ఏది పుచ్చో ఆ రోజు తెలియదు. మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుని బయటికొచ్చాక నాయన తీసింది. అమ్మ కళ్ళు మూసుకుంది. పెద్దమ్మ పక్కకు చూస్తోంది. తమ్ముడి తల సగమే పడింది. కుడిమూల లెన్సుకు అడ్డంగా నాయన వేలు. ఏ లెక్కన చూసినా తీసేయాల్సిందే. కానీ వాళ్ళ వెనకాల రాజగోపురం ఉంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం. 2010 మే 26న అది కూలిపోయింది. ఇప్పుడక్కడ కనిపించేది తర్వాత కట్టింది. మేము తీసుకున్న మంచి ఫొటోల్లో, అందరూ కెమెరా వైపు చూసి నవ్విన వాటిలో, గోపురం లేదు. మొహాలు బాగా పడాలని నాయన వాటిని దగ్గర్నుంచి తీశాడు.

ఊరు అట్లా చెప్పాపెట్టకుండా ఫొటోల్లోకి దూరుతుంది. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ రాకముందు తిరుపతిలో లీలామహల్ కూడలి దగ్గర తల పైకెత్తితే ఆకాశం కనిపించేదని చెబితే ఇప్పటి పిల్లలకు ఎక్కదు. ఆ రోడ్డును ఫొటో తీయాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. కొత్త బండి కొన్నప్పుడు దానికి దండ వేసి తీసుకున్న ఫొటోలో వెనకాల ఆ రోడ్డు పడి ఉంది. బండి ఎప్పుడో అమ్మేశాం.

అసలు తీసేయాల్సినవే లేవని కాదు. ఒకే ఫైలు నాలుగు చోట్ల ఉంటే మూడు తీసేయొచ్చు. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కగట్టి రెండూ అక్షరాలా ఒకటేనని తేల్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, డూప్‌గురు లాంటివి. వాటిని ఆ పని వరకు నమ్మొచ్చు. 'ఒకేలా కనిపించేవి' వెతికి తీసేసే సెట్టింగును మాత్రం ముట్టుకోకండి. పెళ్ళిలో గ్రూప్ ఫొటో వరసగా ఆరుసార్లు తీస్తారు. యంత్రానికి ఆరూ ఒకటే. మనకు కాదు, ఒకదాంట్లో తాత నవ్వాడు, ఇంకోదాంట్లో చంకలో పిల్ల ఏడుపు ఆపింది.

ఇక గుడ్ మార్నింగ్ బొమ్మలు. తిరుపతి వాళ్ళమని తెలిస్తే చాలు, ఎక్కడెక్కడి చుట్టాలూ పొద్దున్నే వెంకటేశ్వరస్వామి బొమ్మ పంపుతారు. శనివారమైతే చెప్పనే అక్కర్లేదు. అమ్మ ఫోన్‌లో అవి తీసేయబోతే, "స్వామి బొమ్మను డిలీట్ చేస్తావంటే, కండ్లు పోతాయి" అని ఫోన్ లాక్కుంది. 'స్వామి' అని ఒక ఫోల్డరు చేసి అన్నిటినీ అందులోకి తోశాను. ఆ ఫోల్డరుకు బ్యాకప్ లేదు. ఆయన్ను కాపాడాల్సిన అవసరం నాకు లేదనుకుంటాను.

ఏరడం మొదలుపెట్టే ముందు ఒక్క పని తప్పదు. తారీకులు సరిచేసుకోవాలి. ఇది అందరూ దాటేసే మెట్టు, నాకు అన్నిటికంటే సరదా పుట్టించిన మెట్టు కూడా.

డిజిటల్ ఫొటో ఫైలు లోపల, కంటికి కనిపించని చోట, ఎగ్జిఫ్ అనే చిన్న సమాచారం ఉంటుంది. 1995లో జపాన్‌లో తయారైన పద్ధతి ఇది. ఫొటో ఏ రోజు, ఏ సమయానికి, ఏ కెమెరాతో తీశారో అందులో ఉంటుంది, జీపీఎస్ ఉంటే ఎక్కడ తీశారో కూడా. యాప్‌లు ఫొటోల్ని వరస పెట్టేది దీన్ని చూసే. చిక్కేమిటంటే కెమెరా గడియారం ఎంత చెబితే ఎగ్జిఫ్ అంతే రాసుకుంటుంది. పైగా అది ఏ దేశపు టైమో రాసుకునే గడి 2016 దాకా ఆ పద్ధతిలో లేనే లేదు.

మా చిన్నాయన కూతురి పెళ్ళి మాఘమాసంలో జరిగింది. ముహూర్తం తెల్లవారుజామున 4:20కి. ఆ పెళ్ళిలో మూడు కెమెరాలు పనిచేశాయి. స్టూడియో అతని గడియారం ఇంచుమించు సరిగ్గానే ఉంది. డాలస్ నుంచి వచ్చిన బావ తన కెమెరాలో టైం మార్చలేదు. చలికాలంలో అక్కడికీ మనకూ పదకొండున్నర గంటల తేడా. కాబట్టి ఆయన ఫొటోల్లో జీలకర్ర బెల్లం ముందురోజు సాయంత్రం 4:50కి పెట్టేశారు, రాత్రి రిసెప్షన్ ఇంకా మొదలుకాకుండానే. నాయన కెమెరా సంగతి మరీ ఘోరం. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినప్పుడల్లా దాని గడియారం 2000 జనవరి 1కి వెళ్ళిపోయేది. అందులో పెళ్ళయ్యేనాటికి పెళ్ళికూతురు ఒకటో తరగతి చదువుతుండాలి.

మూడింటినీ కలిపింది శుభలేఖ. మన శుభలేఖల్లో ముహూర్తం నిమిషంతో సహా అచ్చేస్తారు. జీలకర్ర బెల్లం తలమీద పెట్టే క్షణాన్ని ఏ కెమెరా వాడూ వదలడు, అందరూ ఒకేసారి నొక్కుతారు. మూడు కెమెరాల్లోంచీ ఆ క్షణం ఫొటో వెతికి పట్టుకున్నాను. ఒక్కోదాంట్లో ఎంత టైం పడిందో చూసి, శుభలేఖలోని టైంకూ దానికీ తేడా లెక్కగట్టాను. ఆ కెమెరా ఫొటోలన్నిటినీ ఆ తేడా మేరకు ముందుకు జరిపాను. దీనికి ఎగ్జిఫ్‌టూల్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2003 నుంచి ఫిల్ హార్వీ అనే ఆయన దాన్ని నడుపుతున్నాడు. వందల ఫొటోల తారీకుల్ని ఒకే ఆదేశంతో జరుపుతుంది, మనం వద్దనకపోతే అసలు ఫైలును కూడా పక్కన దాచిపెడుతుంది. పురోహితుడు ముహూర్తాన్ని నాలుగు నిమిషాలు అటూ ఇటూ చేసి ఉండొచ్చు. పర్వాలేదు, మూడు కెమెరాలూ ఒకే క్షణం దగ్గర కలిశాయి. ఇప్పుడు వరసలో చూస్తే స్టూడియో అతను తలంబ్రాలు తీస్తున్నప్పుడు బావ వంటల దగ్గర ఏం చేస్తున్నాడో కూడా తెలుస్తోంది.

వాట్సాప్ ఫొటోలది వేరే తంటా. మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, లోపలి ఎగ్జిఫ్ కూడా పోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో దిగే ఫైలు పేరు ఐఎంజి, తారీకు, డబ్ల్యూఏ, ఒక వరస నంబరు, ఈ పద్ధతిలో ఉంటుంది. అందులోది ఫొటో మన ఫోన్‌కు చేరిన తారీకు. పోయినవారం పెద్దమ్మ కూతురు పంపిన 1998 నాటి ఫొటో పోయినవారం ఖాతాలోనే పడుతుంది. అయినా ఆ పేరును మార్చకండి. ఫోన్లు మారినప్పుడు ఫైలు తారీకు మారిపోవచ్చు, పేరులో ఉన్నది మాత్రం ఉంటుంది. దాన్నే ఎగ్జిఫ్‌లోకి ఎక్కిస్తే, తీసిన వెంటనే పంపిన ఫొటోలైనా ఏ ఏడాదివో దాదాపుగా తెలుస్తుంది. ముఖ్యమైన ఫొటో అయితే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, ఉన్నదున్నట్టు వస్తుంది. మా గ్రూపులో ఈ మాట అడిగీ అడిగీ నాకు 'డాక్యుమెంట్ అక్క' అని పేరు పడింది.

పాత ప్రింట్లు స్కాన్ చేసేటప్పుడు వెనకవైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, తారీకు, ఎవరో పెన్సిల్‌తో రాసిన రెండు ముక్కలు చాలాసార్లు ముందున్న బొమ్మకంటే ఎక్కువ చెబుతాయి.

ఫోల్డర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏడాదికొకటి, దానిలో 2014-05-13 అన్నట్టు ఏడాది, నెల, రోజు వరసలో తారీకు, పక్కన సందర్భం. తారీకు ఇలా ముందుంటే కంప్యూటర్ తనంతట తనే వరసగా పెడుతుంది. మనుషుల పేర్లతో ఫోల్డర్లు చేస్తే ఒకే ఫొటోలో ఉన్న నలుగురూ నాలుగు ఫోల్డర్ల కోసం కొట్లాడతారు. ఊళ్ళ పేర్లతో చేస్తే జిల్లాలు మారతాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడేదాకా మేమంతా చిత్తూరు జిల్లా వాళ్ళమే. 2016లో శ్రీకాళహస్తిలో తీసిన ఫొటోను ఇప్పుడు యాప్‌లో చూస్తే తిరుపతి జిల్లా అంటుంది. ఫొటోలో ఉన్న జీపీఎస్ అంకెలు అలాగే ఉన్నాయి, వాటికి పెట్టే పేరే మారింది.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మనుషులెవరో రాయడం.

మొహాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ గొప్పదే. ఐదేళ్ళ పిల్లనూ ఇరవై ఐదేళ్ళ పిల్లనూ ఒకరేనని పట్టేసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కానీ అది తిరుపతికొస్తే తడబడుతుంది. మే నెలలో గంగమ్మ జాతరప్పుడు మా వీధి మగపిల్లలు రోజుకో వేషం కడతారు. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లనామం, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. ఇవి కాక ఆడవేషాలు. మా తమ్ముడు చీర కట్టి, సవరం పెట్టి, పూలు ముడిచి తీయించుకున్న ఫొటోను యాప్ మా మేనత్త ఫొటోల్లో చేర్చింది. మేనత్త ఎంత పొంగిపోయిందో చెప్పలేను. బొగ్గు పూసుకున్న ఫొటోల్లో అసలు మొహమే ఉందనుకోలేదు. ఆ వారం ఫొటోల్లో ఎవరెవరో చెప్పగలిగేది ఆ వీధివాళ్ళే.

మొహం దొరికినా పేరు దొరకాలి గదా. నేను లాప్‌టాప్ తీసుకుపోయి పెద్దమ్మ పక్కన కూర్చుంటాను. ఆమెకు ఎనభై దాటాయి. స్క్రీన్ మీద నలుపూ తెలుపూ ఫొటో, మండువా ఇంట్లో ఏడుగురు.

"ఈయనెవరు పెద్దమ్మా?"

"ఎవురూ, ఆ తలగుడ్డాయనా? పాకాల మామ."

"ఎవరికి మామ?"

"నాకు మామ. మీ నాయనకు చిన్నాయన అయితాడు. మీకు తాత గదే."

"ఆయన పేరేంది?"

పెద్దమ్మ ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "పేరు పెట్టి ఎవురు పిలిచినారు ఆయన్ని" అంది. పేరు చివరికి పాకాలలో ఉన్న ఆయన మనవడికి ఫోన్ చేస్తే దొరికింది.

అందుకని నేనొక కట్టుబాటు పెట్టుకున్నాను. ఫొటోలో మనిషికి అసలు పేరు, ఇంటిపేరు, ఊరు రాస్తాను. వరసలు రాయను. నా చిన్నాయన మా తమ్ముడి పిల్లలకు తాత, మా అమ్మకు మరిది. 'చిన్నాయన' అని రాస్తే నేను పోయాక ఎవరి చిన్నాయనో ఎవరికీ అంతుపట్టదు. వరస చెప్పాలనిపిస్తే 'ఫలానా ఆయన తమ్ముడు', 'ఫలానా ఆమె పెద్దకూతురు' అని ఇద్దరు మనుషుల పేర్లతో రాస్తాను. అది ఎవరు చదివినా మారదు.

ఎక్కడ రాయాలన్నది ఇంకో ప్రశ్న. యాప్‌లో రాసింది ఆ యాప్ ఉన్నంతవరకే. ఫొటోలు సర్దుకునే పికాసా అనే సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ 2004లో కొన్నది, 2016లో ఆపేసింది. అందులో జనం ఏళ్ళ తరబడి మొహాలకు పెట్టుకున్న పేర్లు చాలావరకు ఫోల్డరులో ఉండే చిన్న ఐఎన్ఐ ఫైళ్ళలో ఉండేవి. ఫొటోల్ని మాత్రమే కాపీ చేసుకున్నవాళ్ళకు పేర్లు రాలేదు. 2015లో గూగుల్ ఫొటోస్ వచ్చింది. ఎన్ని ఫొటోలైనా ఉచితమన్న వెసులుబాటు 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. కంపెనీని తిట్టుకుని లాభం లేదు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. మనం రాసిన మాట మాత్రం మన ఫైలులోనే ఉండాలి.

ఆ సౌకర్యం ఉంది. డిజీకామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలులోకే రాయమని సెట్టింగు పెట్టుకుని వివరం రాస్తే అది ఫొటో ఫైలు లోపలే చేరుతుంది. ఫైలు ఎక్కడికి పోతే మాట అక్కడికి పోతుంది. తెలుగులో రాసేవాళ్ళు ఒకటి గమనించాలి. ఇలా రాయడానికి పాత పద్ధతి ఐపీటీసీ, కొత్త పద్ధతి ఎక్స్ఎంపీ. పాత పద్ధతిలో ఒక కీవర్డ్‌కు, అంటే వెతకడానికి ఫొటోకు తగిలించే మాటకు, 64 బైట్లే ఇచ్చారు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు కావాలి, గుడికీ ఒత్తుకూ కూడా విడివిడిగా లెక్క. ఒక్క 'శ్రీ'కే 12 బైట్లు. 'శ్రీకాళహస్తీశ్వరస్వామి' అని పూర్తిగా రాస్తే 66. రెండు బైట్ల కోసం స్వామి పేరు తెగిపోతుంది! ఎక్స్ఎంపీకి ఆ హద్దు లేదు. సెట్టింగుల్లో అది రాసేలా ఉందో లేదో ఒకసారి చూసుకుని, వివరాన్ని క్యాప్షన్‌లో హాయిగా తెలుగులో రాసుకోండి.

వంద ఎలా ఏరాలి? కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు. పెళ్ళి ఆల్బం చేయించిన ప్రతి ఇంటికీ ఈ విద్య వచ్చు. స్టూడియో వాళ్ళు వేల ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, ఇన్ని షీట్లు, ఇన్ని ఫొటోలు, సెలక్షన్ చేసి పంపండి అంటారు. అప్పుడు ఇంటిల్లిపాదీ టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి కూర్చుంటారు. "మా వైపు వాళ్ళవి తక్కువైనాయి" అని ఒకరు, "ఈ చీర ఒక్కదాంట్లోనూ కనిపించలే" అని ఒకరు. గొడవలు అవుతాయి, అయినా రెండు వారాల్లో తేలిపోతుంది, ఎందుకంటే షీట్లకు లెక్క ఉంది. ఎవరూ మిగతావాటిని డిలీట్ చేయమనరు. ఆ లెక్కే ఏడాది ఫొటోలకు పెట్టుకోమంటున్నాను. మేము ఉగాది ముందర కూర్చుంటాం. మొదటి విడతలో ఆగకుండా నడిపిస్తూ కన్ను ఆగిన ప్రతిదానికీ ఒక నక్షత్రం. రెండో విడతలో నక్షత్రాలు ఉన్నవే చూసి వందకు తెస్తాం. ఈ నక్షత్రం కూడా ఫైలులోకే ఎక్కుతుంది.

అందమైనవి ఏరుతామని కాదు. హార్స్లీ హిల్స్‌లో సూర్యోదయాన్ని నాకంటే బాగా తీసినవాళ్ళు వేలల్లో ఉన్నారు. అమ్మ రోటి పచ్చడి నూరుతూ ఎవరినో తిడుతున్న ఫొటో ప్రపంచంలో నా దగ్గర ఒక్కటే ఉంది. కొండమీద గుళ్ళోకి ఫోన్లు, కెమెరాలు తీసుకుపోనివ్వరు కాబట్టి మా ఇంట్లో ఎవరి తిరుమల ఫొటోలైనా మెట్లవీ, కల్యాణకట్ట ముందు కొత్త గుండ్లవీ, లడ్డు సంచులవీ. పోయిన ఏడాది వందలో గుండ్లు కొంచెం ఎక్కువే పడ్డాయి, ఒప్పుకుంటాను. ఏరినవాటికి వివరం రాశాక మ్యాక్సీ సైజులో ప్రింట్లు వేయించి అమ్మకు ఇస్తాం. ఆమెకు ఫోన్‌లో చూడటం ఇష్టం లేదు, వేలు తగిలితే ఫొటో ఎటో పోతుందని భయం.

ఇక తమ్ముడి వాదన. అడిగితే యాప్ చూపిస్తుంది గదా అన్నాడు. నిజమే, చూపిస్తుంది, అడిగింది చూపిస్తుంది. అడగాలంటే అటువంటిది ఒకటుందని మనకు గుర్తుండాలి. పాకాల తాత ఫొటో ఉందని తెలియని మా పిల్లలు ఆయన పేరు కొట్టి ఎందుకు వెతుకుతారు? ఏరిన వంద ఎదురుగా ఉంటే, అడగని వాటిమీద కూడా చూపు పడుతుంది. "ఈ తలగుడ్డ ఎవరు?" అనే ప్రశ్న అక్కడ పుడుతుంది. 'పెళ్ళి' అని కొడితే పెళ్ళి ఫొటోలు రావడం వరకు యంత్రం పని. ఆ పెళ్ళికి మేనమామ అలిగి రాలేదని, అందుకే బుట్టలో తెచ్చినవాళ్ళలో ఆయన లేడని యంత్రానికి ఎవరు చెబుతారు? వెతుకులాటను నేను కాదనను, నేనూ రోజూ వాడుకుంటాను. తారీకులు సరిగ్గా ఉండి, పేర్లు ఫైల్లోనే ఉంటే ఆ వెతుకులాట కూడా ఇంకా బాగా పనిచేస్తుంది. వాడి యాప్‌కు మేత వేసేది నేనే.

లక్షా ఎవరు చూస్తారక్కా అని కూడా అడిగాడు. ఎవరూ చూడరు. చూడాలని నేను అనడం లేదు.

బ్యాకప్ గురించి క్లుప్తంగా. 3-2-1 అని ఒక పద్ధతి వాడుకలో ఉంది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటికి దూరంగా. ఆ మూడోదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. 2021 నవంబరు వానల్లో తిరుపతి పల్లపు వీధుల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అటువంటప్పుడు కింది అంతస్తులో బీరువా అడుగు అరలో ఉన్న ఆల్బములు, వాటి పక్కనే పెట్టిన హార్డ్ డిస్క్ కలిసే మునుగుతాయి. మా రెండో డిస్క్ బెంగళూరులో తమ్ముడి ఇంట్లో ఉంటుంది, పండక్కి వచ్చినప్పుడల్లా మార్చుకుంటాం. ఫోన్‌కూ క్లౌడ్‌కూ సింక్ ఉంటే చాలు, బ్యాకప్ ఉన్నట్టే అనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సింక్‌లో ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది.

ఒక విషయంలో మాత్రం తమ్ముడు నాతో వాదించలేదు. రెండేళ్ళపాటు వాడకుండా వదిలేసిన గూగుల్ ఖాతాలను తీసేసే నియమాన్ని ఆ కంపెనీ 2023లో ప్రకటించింది, ఆ డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. మనిషి పోయాక ఆ ఖాతా తెరిచేవాళ్ళెవరు? ఫొటోలన్నీ అందులోనే ఉంటే అవీ పోతాయి. దీనికి వాళ్ళ సెట్టింగుల్లోనే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుంది. ఇన్ని నెలలు ఖాతా వాడకపోతే ఫలానా వాళ్ళకు తెలియజేయి, ఫొటోలు దించుకోనివ్వు అని పదిమంది దాకా పేర్లు పెట్టొచ్చు. అమ్మ ఖాతాకు నా పేరు, వాడి పేరు పెట్టాం. ఎన్ని నెలలు పెట్టాలని అడిగాడు. మూడు నుంచి పద్దెనిమిది దాకా ఎంచుకోవచ్చు. అమ్మ పక్కనుంచి విని, "ఎక్కువే పెట్టుకోండి, నాకేం తొందర లేదు" అంది. పద్దెనిమిది పెట్టాం.